రౌతు లేని గుర్రం: అంతిమయాత్రల్లో, స్మారక శిల్పాల్లో కనిపించే ఖాళీ జీను గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది ఉత్తర వర్జీనియాలో. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఒకరోజు వాషింగ్టన్, దాని పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటిక చూపించడం ఇక్కడి తెలుగువాళ్ళకి అలవాటే. కెనడీ సమాధి దగ్గర నిలబడ్డప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఆయన అంతిమయాత్ర వీడియోలో ఒక నల్ల గుర్రం ఉంటుంది కదా, దాని మీద మనిషి ఉండడు, బూట్లు మాత్రం వెనక్కి తిప్పి ఉంటాయి, అదేంటి?" మొదట్లో రెండు ముక్కల్లో చెప్పేసేవాణ్ణి. చదివే కొద్దీ ఇది ఒక్క అమెరికాది కాదని, దీని దారులు కర్బలాకి, సాంచికి, మన అమరావతికి కూడా వెళ్తాయని తెలిసింది. అందుకే నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు రౌతు లేని గుర్రం అంటే ఏమిటి?

సైనిక లాంఛనాలతో జరిగే అంతిమయాత్రలో శవపేటిక ఉన్న బండి వెనకాల జీను, కళ్ళెం అన్నీ కట్టి, ఎవరూ ఎక్కకుండా నడిపించే గుర్రం. జీనుకి ఒక కత్తి వేలాడుతుంది, రికాబుల్లో (రౌతు పాదాలు పెట్టుకునే కడియాల్లో) ఒక జత బూట్లు మడమలు ముందుకి, ముందు భాగం వెనక్కి ఉండేలా తిప్పి పెడతారు. పక్కనే ఒక సైనికుడు కళ్ళెం పట్టుకుని నడుస్తాడు. అతను మాట్లాడకూడదు, పక్కకి చూడకూడదు.

ఇంగ్లీషులో దీన్ని క్యాపరిజన్డ్ హార్స్ అంటారు. క్యాపరిజన్ అంటే గుర్రం మీద కప్పే అలంకారపు వస్త్రం. మనకి 'రౌతు' అనే చక్కని మాట ఉంది కాబట్టి నేను రౌతు లేని గుర్రం అనే అంటాను. "రౌతు కొద్దీ గుర్రం" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. గుర్రాన్ని చూస్తే దాని మీద ఉన్న మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. ఇక్కడ ఆ మనిషే లేడు, గుర్రం మాత్రం వచ్చింది.

బూట్లు వెనక్కి ఎందుకు తిప్పుతారు?

సాధారణంగా రెండు వివరణలు చెబుతారు. ఒకటి, ఈ మనిషి ఇక ఎప్పటికీ గుర్రం ఎక్కడు అని. రెండోది, సేనాని తన వెనక నడుస్తున్న సైన్యాన్ని చివరిసారి తిరిగి చూసుకుంటున్నాడు అని. నాకు రెండోది విన్నప్పుడు గొంతు పట్టేస్తుంది, ఎన్నిసార్లు విన్నా అంతే.

మనవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. చావుకి సంబంధించిన పనుల్లో మామూలుగా చేసేదాన్ని తిరగేసి చేయడం మనకీ ఉంది. పితృకార్యాల్లో జంధ్యం అపసవ్యంగా కుడి భుజం మీదకి మారుస్తారు, చితి చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతారు. సైన్యాల్లో తుపాకీని తలకిందులుగా పట్టడం కూడా అలాంటిదే. మన సైన్యంలో 'శోక్ శస్త్ర్' అని ఆజ్ఞ ఇవ్వగానే సైనికులు తుపాకీ గొట్టాన్ని నేలకి దించి తల వంచుతారు. ఈ పద్ధతులు ఒకదాన్ని చూసి ఒకటి పుట్టాయని నేను అనడం లేదు. మనిషి పోయినప్పుడు లోకం తలకిందులైనట్టు అనిపించడం ఎక్కడైనా ఒకటే కదా.

ఈ గౌరవం ఎవరికి దక్కుతుంది?

అమెరికాలో అయితే ఆర్మీలో గానీ మెరైన్ కోర్‌లో గానీ కల్నల్, ఆ పై హోదా ఉన్నవాళ్ళకి. అధ్యక్షుడు సర్వసైన్యాధ్యక్షుడు కాబట్టి ఆయనకీ వర్తిస్తుంది. కుటుంబం వద్దనుకుంటే ఉండదు.

ఇది ఎక్కడ మొదలైంది? ఒకప్పుడు గుర్రాన్ని చంపేసేవాళ్ళట, నిజమేనా?

నిజమే, చాలాచోట్ల. గుర్రాన్ని నమ్ముకుని బతికిన జాతులు నాయకుడితో పాటు ఆయన గుర్రాన్నీ పాతిపెట్టేవి. సైబీరియా దక్షిణాన ఆల్టాయ్ కొండల్లో పాజిరిక్ అనే చోట రెండు వేల ఏళ్ళ పైబడిన సమాధుల్లో, మంచులో గడ్డకట్టిపోయిన గుర్రాలు జీన్లతో సహా దొరికాయి. కొన్నింటి తలలకి జింక కొమ్ముల ముసుగులు కూడా ఉన్నాయి. అంటే అలంకరించి మరీ పంపించారు. యూరప్‌లో ఈ ఆచారం ఆశ్చర్యంగా చాలా ఆలస్యంగా కూడా కనిపిస్తుంది. 1781లో జర్మనీలోని ట్రియర్‌లో ఒక అశ్వికదళ సేనాని అంత్యక్రియల్లో గుర్రాన్ని ఊరేగింపులో నడిపించి, పేటిక దించాక దాన్ని చంపి అదే గోతిలో వేశారు.

తర్వాత తర్వాత చంపడం పోయి నడిపించడం మిగిలింది. కానీ నా ఉద్దేశంలో ఈ బలి ఒక్కటే దీనికి మూలం కాదు. ఇంకో మూలం ఉంది, అది మరీ మామూలుది: యుద్ధం నుంచి గుర్రం ఒంటరిగా తిరిగొచ్చిందంటే ఇంట్లోవాళ్ళకి విషయం అర్థమైపోయేది. ఖాళీ జీను ముందు ఒక వార్త. ఆ తర్వాతే అది గౌరవమైంది. కింద కర్బలా, కపిలవస్తు కథల దగ్గర మళ్ళీ ఈ మాటకి వస్తాను.

అమెరికాలో ఈ గౌరవం పొందిన మొదటి అధ్యక్షుడు లింకనే అంటారు కదా?

చాలాచోట్ల అలాగే రాస్తారు, కానీ అంతకుముందే ఉంది. 1799 డిసెంబరు 18న మౌంట్ వెర్నన్‌లో జార్జ్ వాషింగ్టన్ అంత్యక్రియలప్పుడు జీను, పిస్తోళ్ళతో సహా ఆయన గుర్రాన్ని నల్లబట్టలు వేసుకున్న ఇద్దరు నడిపించారు. వాళ్ళ పేర్లు సైరస్, విల్సన్. ఆ ఎస్టేటులో బానిసలుగా ఉన్నవాళ్ళు. ఆ వివరం చదివినప్పుడల్లా గుర్రం కంటే ముందు నాకు వాళ్ళిద్దరూ గుర్తొస్తారు. వారం తర్వాత ఫిలడెల్ఫియాలో, అప్పటి రాజధానిలో, శవం లేకుండానే ఒక సంతాప ఊరేగింపు జరిగింది. అందులో ఒక తెల్ల గుర్రం, రికాబుల్లో తిప్పి పెట్టిన బూట్లు ఉన్నాయి. 1804లో అమెరికా తొలి తరం నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్‌కి న్యూయార్క్‌లో, 1850లో అధ్యక్షుడు జకరీ టేలర్‌కి కూడా ఇలాగే జరిగింది. టేలర్ గుర్రం పేరు ఓల్డ్ వైటీ.

లింకన్‌ది ఎందుకు అంతగా గుర్తుండిపోయిందంటే, ఆ గుర్రం యుద్ధపు గుర్రం కాదు. ఓల్డ్ బాబ్ అనే ముసలి గుర్రం. లింకన్ లాయరుగా ఇలినాయ్‌లో కోర్టుల చుట్టూ తిరిగిన రోజుల్లో వాడినది, వైట్‌హౌస్‌కి వెళ్తూ అమ్మేసినది. 1865 మే 4న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన్ని ఓక్ రిడ్జ్ శ్మశానానికి తీసుకెళ్తుంటే నల్లని శోకవస్త్రం కప్పి దాన్ని వెనకాల నడిపించారు. కళ్ళెం పట్టుకున్నది రెవరెండ్ హెన్రీ బ్రౌన్ అనే నల్లజాతి పాస్టర్. దేశాధ్యక్షుడి అంతిమయాత్రలో పాత ఊరి పాత గుర్రం నడవడం ఎంత సొంతంగా ఉందో చూడండి.

బ్లాక్ జాక్ గురించి చెప్పండి. ఆ గుర్రం ఎందుకు అంత అలజడిగా ఉంది?

ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు చెప్పాలనిపించేదీ ఇదే.

బ్లాక్ జాక్ 1947 జనవరి 19న పుట్టింది. బొగ్గులాంటి నలుపు, నుదుటి మీద చిన్న తెల్లమచ్చ. మొదటి ప్రపంచయుద్ధపు సేనాని జాన్ పెర్షింగ్ ముద్దుపేరు దానికి పెట్టారు. ఆర్లింగ్టన్ పక్కనే ఉన్న ఫోర్ట్ మయర్ స్థావరానికి అది వచ్చింది 1952 నవంబరు 22న, అంటే కెనడీ హత్యకి సరిగ్గా పదకొండేళ్ళ ముందు. అమెరికా సైన్యం ముద్ర వేసి, నంబరు ఇచ్చి తీసుకున్న గుర్రాల్లో చివరిది అదే.

సైన్యం కావాలనుకున్న గుర్రం మాత్రం అది కాదు. ఎక్కినవాణ్ణి కింద పడేసేది, బండికి కడితే లాగేది కాదు. చివరికి ఎవరూ ఎక్కక్కర్లేని, ఏదీ లాగక్కర్లేని పని ఒకటుందని దానికి ఆ పని ఇచ్చారు. అక్కడా కుదురుగా నడిచేది కాదు, పక్కకి జరుగుతూ, తల ఎగరేస్తూ, కాళ్ళు తొక్కుతూ నడిచేది. చూసిన కుటుంబాలకి అదే నచ్చింది. ఒక్కటంటే ఒక్క గుర్రం వెయ్యికి పైగా అంత్యక్రియల్లో నడిచింది. అధ్యక్షుల్లో కెనడీ, హూవర్, జాన్సన్, సేనానుల్లో డగ్లస్ మెకార్థర్ అంతిమయాత్రలు అందులో ఉన్నాయి.

1963 నవంబరు 24, 25 తేదీల్లో, కెనడీ అంతిమయాత్రలో, కళ్ళెం పట్టుకున్నది ఆర్థర్ కార్ల్‌సన్ అనే 19 ఏళ్ళ సైనికుడు. గట్టి చప్పుడుకి గుర్రం బెదిరింది, ఆ తర్వాత ఇక కుదుటపడలేదు. మామూలుగా అయితే మెడ నిమిరి, నెమ్మదిగా నాలుగు మాటలు చెబితే గుర్రం తగ్గుతుంది. అతనికి మాట్లాడే వీల్లేదు. కోట్లమంది టీవీలో చూస్తున్నారు, ఆ కుర్రాడి టెన్షన్ ఊహించుకోండి. ఒక దశలో గుర్రం అతని కాలి మీద తొక్కిందని, వేళ్ళు విరిగాయేమో అనుకున్నానని, అయినా ముఖంలో కనబడనివ్వలేదని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

ఆ వీడియో ఇప్పుడు చూసినా అదే అనిపిస్తుంది. మిగతా అందరూ కొలిచినట్టు నడుస్తున్నారు, డప్పులకి కూడా శబ్దం పెరగకుండా గుడ్డ కట్టారు, జాక్వెలిన్ కెనడీ కన్నీళ్ళు ఆపుకుని నడుస్తోంది. అక్కడ దుఃఖాన్ని అణచుకోని ప్రాణి ఆ గుర్రం ఒక్కటే. దానికి దుఃఖం తెలుసని కాదు, అది భయం. కానీ చూసేవాళ్ళు తమ లోపల ఉన్నదాన్ని దానిలో చూసుకున్నారు.

ఆ గుర్రం చనిపోయినవాళ్ళ సొంత గుర్రమేనా?

పాత రోజుల్లో అవును. వాషింగ్టన్‌దీ, టేలర్‌దీ సొంతవే. 1870లో దక్షిణ రాష్ట్రాల సేనాని రాబర్ట్ లీ చనిపోయినప్పుడు ఆయన గుర్రం ట్రావెలర్ శవవాహనం వెనక నల్లగుడ్డ కప్పుకుని నడిచింది, ఆ మరుసటి ఏడే అదీ చనిపోయింది. ఇప్పుడు చాలావరకు సైనికశాల గుర్రమే, చనిపోయిన మనిషిని అది చూసి కూడా ఉండదు. 2004 జూన్‌లో రోనల్డ్ రేగన్ అంతిమయాత్రలో నడిచిన సార్జెంట్ యార్క్ మునుపు బండి పందేల గుర్రం. కానీ దాని రికాబుల్లో ఉన్న బూట్లు రేగన్ సొంతవే. ఆయన 1937లో అశ్వికదళ రిజర్వులో లెఫ్టినెంటుగా చేరినవాడు, జీవితమంతా గుర్రపుస్వారీ చేసినవాడు. వాడి అరిగిన ఆ బూట్లని చూస్తే అది లాంఛనంలా అనిపించదు.

శవపేటిక బండిని లాగే గుర్రాల్లో కూడా కొన్నింటి మీద ఎవరూ ఉండరు. అవీ ఇలాంటివేనా?

కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆర్లింగ్టన్‌లో ఆ బండిని ఆరు గుర్రాలు జతలు జతలుగా లాగుతాయి. ఎడమవైపు మూడింటి మీద సైనికులు ఉంటారు, కుడివైపు మూడింటికి జీను ఉంటుంది కానీ రౌతు ఉండడు. ఇది ఫిరంగి దళపు పాత పద్ధతి. ఒక గుర్రం మీద నడిపేవాడు ఉంటే పక్కదాని మీద మేత, సామాను వేసేవాళ్ళు. ఆ బండి కూడా ఒకప్పుడు ఫిరంగుల కోసం వాడినదే.

బ్రిటన్‌లో కూడా ఉందా?

ఉంది. 1852లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ డ్యూక్ అంతిమయాత్రలో తిప్పిన బూట్లతో ఆయన గుర్రం నడిచింది. 1910లో ఏడో ఎడ్వర్డ్ పోయినప్పుడు గుర్రంతో పాటు సీజర్ అనే ఆయన చిన్న పెంపుడు కుక్క కూడా నడిచింది, వాటి వెనకాల యూరప్ రాజులు. కుక్క తర్వాత నడవాల్సి వచ్చిందని జర్మనీ చక్రవర్తి నొచ్చుకున్నాడంటారు.

మనకి తెలిసిన పేరు మౌంట్‌బాటెన్. ఇండియా చివరి వైస్రాయ్. 1979 సెప్టెంబరు 5న లండన్‌లో ఆయన అంతిమయాత్రలో డాలీ అనే నల్ల గుర్రం తిప్పిన బూట్లతో నడిచింది.

ఈమధ్య జరిగినవాటిలో నాకు బాగా నచ్చింది పెద్ద ఊరేగింపు కాదు. 2022 సెప్టెంబరు 19న విండ్సర్ కోట దారి పక్కన గడ్డిలో ఎమ్మా అనే రాణి ఎలిజబెత్ పొట్టి గుర్రం నిలబడి ఉంది. దాని జీను మీద రాణి తలకి కట్టుకునే స్కార్ఫ్ ఒకటి మడిచి పెట్టారు. కత్తి లేదు, బూట్లు లేవు. అంతకుముందు ఏడాది రాణి భర్త ఫిలిప్ అంత్యక్రియలప్పుడు ఆయన తోలుకునే చిన్న బండిని రెండు పొట్టి గుర్రాలతో నిలబెట్టి, ఆయన సీట్లో టోపీ, చేతి తొడుగులు, గుర్రాలకి పెట్టే చక్కెర ముక్కల డబ్బా ఉంచారు. ఇంట్లో పెద్దాయన పోయాక ఆయన కళ్ళజోడు, చేతికర్ర పడక్కుర్చీ దగ్గరే ఉండిపోవడం మనందరం చూసిందే, అది ఇది వేరు కాదు.

బతికుండగానే ఎవరూ ఎక్కకూడదని ఆజ్ఞ ఉన్న గుర్రం ఒకటి ఉండేదట?

కమాంచీ. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో లకోటా, షెయెన్ అనే స్థానిక జాతుల యోధుల చేతిలో అమెరికా సైనికాధికారి కస్టర్ వెంట ఉన్న దళం మొత్తం నేలకూలింది. గాయాలతో దొరికిన ఈ గుర్రం కెప్టెన్ మైల్స్ కియో అనే అధికారిది. 1878 ఏప్రిల్‌లో వాళ్ళ అశ్వికదళం సెవెంత్ కావల్రీ అధిపతి ఆజ్ఞ వేశాడు: దీన్ని ఇక ఎవరూ ఎక్కకూడదు, దీనితో ఏ పనీ చేయించకూడదు, దళం వేడుకల్లో మాత్రం జీను కట్టి, శోకవస్త్రం కప్పి నడిపించాలి. 1891 వరకు అది బతికింది. దాని కాయాన్ని భద్రపరిచి ఇప్పటికీ కాన్సాస్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంచారు. ఆ యుద్ధంలో ఎవరి భూమి, ఎవరి న్యాయం అన్న ప్రశ్న గుర్రానిది కాదు, మనుషులది. ఆ ప్రశ్న అడగకుండా మాత్రం కమాంచీ కథ చెప్పకూడదని నా అభిప్రాయం.

హైదరాబాద్ మొహర్రంలో కనిపించే గుర్రానికీ దీనికీ సంబంధం ఉందా?

ఒకదాని నుంచి ఒకటి రాలేదు, కానీ గుండెకాయ ఒకటే. మొహర్రంలో షియాలు నడిపించేది ఇమాం హుసేన్ గుర్రం జుల్జనాకి ప్రతిరూపం. క్రీ.శ. 680లో కర్బలాలో హుసేన్ అమరుడయ్యాక ఆ గుర్రం బాణాల గాయాలతో, ఖాళీ జీనుతో డేరాల దగ్గరకి తిరిగొచ్చిందని, దాన్ని చూడగానే ఆడవాళ్ళకి సంగతి తెలిసిపోయిందని సంప్రదాయం చెబుతుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేకపోయింది. ఊరేగింపులో ఆ క్షణాన్నే మళ్ళీ కళ్ళముందు పెడతారు. తెల్లని గుర్రం, దాని మీద రక్తపు మరకల్లా ఎర్రరంగు చల్లిన తెల్లగుడ్డ, ఖాళీ జీను. జనం దాన్ని తాకి ఏడుస్తారు. కొన్ని ప్రాంతాల్లో దీన్ని దుల్‌దుల్ అని కూడా పిలుస్తారు, అది నిజానికి వేరే కథలోని కంచరగాడిద పేరు, వాడుకలో కలిసిపోయింది.

హైదరాబాద్‌లో అషూరా రోజు, అంటే మొహర్రం పదో రోజు, డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు ఏనుగు మీద వెళ్ళే బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం అందరికీ తెలుసు. మన ఊళ్ళల్లో పీర్ల పండుగ పేరుతో హిందువులు కూడా పీర్లెత్తి, గుండం తొక్కేవాళ్ళు, కర్బలా కథని పాటలుగా పాడేవాళ్ళు. కాబట్టి ఖాళీ జీను కథ తెలుగు చెవులకి కొత్తేం కాదు.

ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. ఆర్లింగ్టన్ గుర్రం హోదాని బట్టి ఇచ్చే గౌరవం, ఎవరికైనా రావచ్చు. జుల్జనా ఒక్క మనిషికే చెందిన గుర్రం, ఏటేటా ఆ ఒక్క మరణాన్నే తెచ్చి ఇస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి "ఇదీ అలాంటిదే" అని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఒకటి లాంఛనం, రెండోది విశ్వాసం.

స్మారక శిల్పాల్లో రౌతు లేని గుర్రం ఎక్కడ కనిపిస్తుంది?

నన్నడిగితే అన్నిటికంటే గొప్పది సాంచిలో ఉంది. పెద్ద స్తూపం తూర్పు తోరణం, మధ్య అడ్డదూలం. క్రీస్తుకి ముందు ఒకటో శతాబ్దం నాటిది అంటారు. సిద్ధార్థుడు అర్ధరాత్రి కపిలవస్తు వదిలి వెళ్ళే ఘట్టం. ఆ కాలపు శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్ళు కాదు. మరి గుర్రం ఎక్కి వెళ్తున్నవాణ్ణి ఎలా చూపిస్తారు? ఖాళీ గుర్రాన్ని చెక్కి, దాని వీపు పైన ఒక గొడుగు పట్టారు. అదే గుర్రం, అదే గొడుగు, మళ్ళీ మళ్ళీ, సినిమా రీలులా కుడివైపుకి కదులుతూ పోతాయి. గొడుగు కింద ఎవరూ కనబడరు, కానీ అక్కడ ఒకరున్నారని మనకి తెలుసు. చివర్లో గొడుగు పాదముద్రల మీదకి మారుతుంది. కింద గుర్రం వెనక్కి తిరిగి వస్తుంటుంది, ఇప్పుడు దాని మీద గొడుగు లేదు.

రెండు గుర్రాలూ ఖాళీవే. కానీ మొదటిది నిండుగా ఉంది, రెండోది నిజంగా ఖాళీ. ఈ తేడాని ఒక్క గొడుగుతో చెప్పగలిగిన ఆ శిల్పులకి చేతులెత్తి మొక్కాలి. బూట్లు, కత్తి, శోకవస్త్రం అన్నీ కలిసినా అంత పని చేయలేవని నాకనిపిస్తుంది.

ఆ గుర్రం పేరు కంథక. గిట్టల చప్పుడుకి ఊరు లేవకుండా దేవతలు గిట్టల కింద చేతులు పట్టారని బౌద్ధ కథలు చెబుతాయి. యజమానిని విడిచిన దిగులుతో కంథక ప్రాణం వదిలిందనీ చెబుతాయి. అశ్వఘోషుడి బుద్ధచరితంలో గుర్రం తిరిగొచ్చే ఘట్టం చదివితే కళ్ళు చెమరుస్తాయి. సకిలింపు విని రాజకుమారుడు వచ్చాడనుకుని అంతఃపుర స్త్రీలు కిటికీల దగ్గరకి పరిగెత్తుతారు, ఖాళీ వీపు చూసి కిటికీలు మూసేసుకుని ఏడుస్తారు. కర్బలా డేరాల దగ్గరి ఆడవాళ్ళు, కపిలవస్తు కిటికీల దగ్గరి ఆడవాళ్ళు. వార్త తెచ్చింది రెండుచోట్లా గుర్రమే.

మన అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లోనూ సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఈ మహాభినిష్క్రమణం ఉంది. తర్వాతి కాలపు అమరావతి శిల్పులు సిద్ధార్థుణ్ణి మనిషిగానే గుర్రం మీద కూర్చోబెట్టారు, అవి అందంగా, కదలికతో ఉంటాయి. అమరావతి ఫలకాలు ఇప్పుడు ఊళ్ళోని మ్యూజియంలో కొన్ని, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా గుర్రాన్ని వెతకండి.

గుర్రం విగ్రహంలో ఒక కాలు లేస్తే గాయం, రెండు కాళ్ళు లేస్తే యుద్ధంలో మరణం అంటారు, నిజమా?

కాదు. వాట్సాప్‌లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ఎదురుగా లాఫయెట్ స్క్వేర్‌లో ఆండ్రూ జాక్సన్ విగ్రహం ఉంది, 1853 నాటిది. గుర్రం ముందు రెండు కాళ్ళూ గాల్లో ఉంటాయి. జాక్సన్ మాత్రం 1845లో సొంతింట్లో జబ్బు చేసి పోయాడు.

గుర్రాల కోసమే కట్టిన స్మారకాలు ఉన్నాయా?

ఉన్నాయి. మా దగ్గర్లోనే రిచ్‌మండ్‌లో వర్జీనియా చరిత్ర మ్యూజియం ముందు ఒక కంచు గుర్రం ఉంది. టెస్సా పుల్లన్ చేసిన శిల్పం. జీను ఉంది, రౌతు లేడు. డొక్కలు ఎండిపోయి, తల వేలాడేసి, ఇంకొక్క అడుగు వేస్తే పడిపోయేలా ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో చచ్చిన, గాయపడిన 15 లక్షల గుర్రాలు, కంచరగాడిదల కోసం పెట్టింది. ఊళ్ళల్లో నిలబెట్టే సేనానుల విగ్రహాల కింద గుర్రాలన్నీ బలంగా మెరుస్తూ ఉంటాయి కదా, ఇది చూశాక వాటిని నమ్మబుద్ధి కాదు.

లండన్ పార్క్ లేన్‌లో 2004లో యుద్ధాల్లో వాడిన జంతువులన్నిటికీ కలిపి ఒక స్మారకం పెట్టారు. దాని మీద చెక్కిన మాటకి అర్థం: "వాటికి వేరే దారి లేదు."

దీనికి తిరగేసినట్టు ఉండేది ఢిల్లీలోని తీన్‌మూర్తి. హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాల కోసం 1922లో కట్టింది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని గుర్రాల మీద దూకి గెలిచిన బ్రిగేడ్ వాళ్ళది. ముగ్గురు సైనికులు నిలబడి ఉంటారు, గుర్రం ఒక్కటీ లేదు. అక్కడ రౌతులున్నారు, గుర్రాలు లేవు.

మన దేశపు ప్రభుత్వ అంత్యక్రియల్లో ఈ గుర్రం ఎందుకు కనబడదు?

మనం ఫిరంగి బండి, తుపాకుల వందనం, జెండా కప్పడం ఉంచుకున్నాం, గుర్రాన్ని మాత్రం మన లాంఛనంలోకి తీసుకోలేదు. అదే భావం వేరే రూపంలో ఉంది: తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద హెల్మెట్. ఇండియా గేట్ దగ్గర అమర్ జవాన్ జ్యోతిలో దశాబ్దాల పాటు మనం చూసింది అదే.

మన పల్లెల్లో పోరులో పోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలిపిన వీరగల్లుల మీద మాత్రం వీరుడు గుర్రం మీదే ఉంటాడు, కత్తి ఎత్తి. పోయినవాణ్ణి పోయినట్టు చూపించడం మనవాళ్ళకి ఇష్టం లేదేమో.

గుర్రాలకి ఇది కష్టం కాదా?

కష్టమే, జాగ్రత్త లేకపోతే. 2022 ఫిబ్రవరిలో ఆర్లింగ్టన్ దళానికి చెందిన రెండు గుర్రాలు నాలుగు రోజుల తేడాలో చనిపోయాయి. మేత నాణ్యత, ఇరుకు స్థలం, పశువైద్యం అన్నిటి మీదా విమర్శలు వచ్చాయి. 2023లో గుర్రపు బండ్ల సేవ మొత్తం ఆపేశారు. కొత్త గుర్రాలు, కొత్త శిక్షణ, తేలికైన సామగ్రి సమకూర్చుకుని 2025 జూన్‌లో కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టారు. ఆపడం వల్ల చాలా కుటుంబాలు బాధపడ్డాయి, అయినా ఆపడమే సరైన పని. చనిపోయినవాళ్ళ గౌరవం కోసం బతికున్న జంతువు కడుపునొప్పితో చావకూడదు.

ఆర్లింగ్టన్ వెళ్తే చూడొచ్చా?

అక్కడ వారంలో చాలా రోజులు అంత్యక్రియలు జరుగుతూనే ఉంటాయి కాబట్టి దారిలో ఎదురవ్వచ్చు. అది ప్రదర్శన కాదు, ఒక కుటుంబం తమ మనిషిని సాగనంపుతోంది. ఆగండి, టోపీ తీయండి, మాటలు ఆపండి. దగ్గరకెళ్ళి ఫోన్ పెట్టి వీడియో తీయొద్దు. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్ళే మనకంటే బాగా నిలబడతారు.

బ్లాక్ జాక్ సమాధి ఎక్కడుంది?

ఫోర్ట్ మయర్‌లో సమ్మరాల్ ఫీల్డ్ అనే కవాతు మైదానం పక్కన. అది 1973లో రిటైరయ్యింది. దాని పుట్టినరోజులకి జనం కేకులు చేసి తెచ్చేవాళ్ళు, చిన్నపిల్లలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. 1976 ఫిబ్రవరి 6న, 29 ఏళ్ళ వయసులో చనిపోతే పూర్తి సైనిక లాంఛనాలతో దాని అస్థికలని అక్కడ పూడ్చారు. రాతి ఫలకం చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో పొదలు పెంచారు. స్థావరం లోపల కాబట్టి లోపలికి వెళ్ళడానికి గేటు దగ్గర అనుమతి తీసుకోవాలి, అందరికీ గుర్తింపు కార్డులు ఉండాలి.